పాట పెడితే టెంపో, కీ, మూడ్ చెప్పే సైట్లు: ఏ గడిని ఎంతవరకు నమ్మొచ్చు?

పాట ఫైలు ఎక్కించగానే టెంపో (నడక వేగం), కీ (పాట నిలిచే శ్రుతి, స్కేలు), మూడ్ అని మూడు గడులు నింపి చూపించే సైట్లు, యాప్‌లు ఇప్పుడు బోలెడు. బెజవాడ, గుంటూరుల్లో చర్చి క్వయర్‌కి కీబోర్డు వాయించేవాళ్ళకి, వెస్ట్రన్ గ్రేడ్ పరీక్షలకి కూర్చునే పిల్లలకి ఇవి బాగా పనికొస్తాయి. ఇప్పటి సినిమా పాటైతే పేచీ లేదు. డ్రమ్స్ క్లిక్ మీద, అంటే మెట్రోనోమ్ టిక్‌టిక్ మీద నడుస్తాయి కాబట్టి టెంపో తప్పడం అరుదు. వీటి సత్తా తేలేది ఒపెరా ఆరియా, అంటే ఒపెరాలో ఒక్కరే పాడే పాట దగ్గరే.

పరీక్షకి ఇటాలియన్ స్వరకర్త డోనిజెట్టి రాసిన ‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’ చాలు. 1832లో మిలాన్‌లో మొదటిసారి ఆడిన ‘లెలిసిర్ దామోరే’ ఒపెరాలోది. పాట మొదలయ్యేది బి ఫ్లాట్ మైనర్‌లో, అంటే మన లెక్కన ఆరున్నర శ్రుతి. మొదటి చరణం డి ఫ్లాట్ మేజర్‌కి, అంటే ఒకటిన్నరకి జారుతుంది. రెండో చరణం మళ్ళీ మైనర్‌లో ఎత్తుకుని బి ఫ్లాట్ మేజర్‌లో దిగుతుంది. ఇన్ని మలుపులున్న పాటకి సైట్‌లో ఉన్నది ఒక్క గడి.

అందులో డి ఫ్లాట్ మేజర్ అని పడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. నటభైరవిలో (మైనర్ స్కేలు) గాంధారాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం (మేజర్ స్కేలు) వస్తుంది కదా, మిషన్ చేసిన పొరపాటు అచ్చంగా ఆ గ్రహభేదమే. పన్నెండు స్వరస్థానాల్లో ఏది ఎంతసేపు మోగిందో కూడుకుని, ఇరవైనాలుగు కీల అచ్చుల్లో దేనికి దగ్గరగా ఉందో చూస్తుంది. పాట ఎక్కడ కూర్చుంటోందో దానికి తెలియదు. అందుకని ఫైలు మొత్తం పెట్టకండి. హార్ప్ మీటుల మీద బసూన్ వాయించే ఎత్తుగడ, గొంతు అందుకున్న మొదటి రెండు పాదాలు, అంతవరకే కత్తిరించి పెట్టండి. తర్వాత పాట ముగింపులో కీబోర్డు మీద ఆరున్నర నొక్కి పట్టండి. ఒదిగిపోతే షడ్జం అదే.

టెంపో గడి ఇంకా గడుసుది. ఈ పాట లార్గెట్టో (నెమ్మది నడక), ఆరు బై ఎనిమిది, అంటే బారుకి ఆరు ఎనిమిదో వంతు స్వరాలు. ఎనిమిదో వంతు స్వరాన్ని బీట్‌గా పట్టుకుంటే 120 అని చూపించే చోట, మూడేసి కలిపి ఒక బీట్ అనుకుంటే 40 వస్తుంది. రెండూ ఒకే నడక. 120 చూసి హుషారు పాట అనుకున్నారో, కీబోర్డులో రిథమ్ పెట్టగానే తెలిసిపోతుంది. పైగా గాయకుడు మంచి మాట దగ్గర సాగదీస్తాడు, చివర కెడెంజాలో (ఒంటరిగా స్వేచ్ఛగా పాడే ముక్తాయింపు) తాళమే వదిలేస్తాడు. వీటన్నిటికీ సరాసరి తీస్తే ఎవరూ పాడని టెంపో వస్తుంది. చేత్తో చూసుకోవడమే మేలు: ఎనిమిది బార్లు, అంటే పదహారు బీట్లు, 24 సెకన్లలో అయితే 40.

పాత రికార్డులతో మరో తంటా ఉంది. ఇటాలియన్ గాయకుడు కరూసో ఇదే పాటని 1904లో పియానోతో, 1911లో ఆర్కెస్ట్రాతో ఇచ్చాడు. నిమిషానికి 78 చుట్లు అంటారు గానీ ఆ కాలపు ప్లేట్లన్నీ సరిగ్గా ఆ స్పీడులో కోసినవి కావు. 74లో కోసిన ప్లేటుని 78లో తిప్పితే శ్రుతి దాదాపు అర పెరుగుతుంది. ఆరున్నర పాట ఏడుకి చేరుతుంది, 40 టెంపో 42 అవుతుంది. రెండూ కలిసి పెరిగాయంటే తప్పు సైట్‌ది కాదు, ప్లేటు తిప్పినవాళ్ళది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పిచ్ ఒక్కటే తగ్గిస్తే నడక మాత్రం పరుగులోనే ఉండిపోతుంది. స్పీడు, పిచ్ కలిసి మారే ఎఫెక్ట్ తీసుకుని 5.1 శాతం తగ్గించాలి.

ఇక మూడ్. మైనర్, నెమ్మది, మెత్తటి శబ్దం: సైట్ కళ్ళు మూసుకుని ‘విషాదం’ అంటుంది. పాటలో జరిగేది వేరు. నాయిక అదీనా కంట ఒక చుక్క తొణకడం చూసి, తనని ప్రేమిస్తోందని ఈ పాట పాడే నాయకుడు నెమొరీనోకి తెలిసిపోతుంది, ఇంకేం అక్కర్లేదంటాడు. స్వరకర్త గ్లుక్ దగ్గర దీనికి తిరగేసిన కేసు: 1762 నాటి ‘ఓర్ఫేయో’ ఒపెరాలో భార్యని పోగొట్టుకున్నవాడి ఏడుపు పాట సి మేజర్‌లో ఉంటుంది. ఈ గడికి సున్నా మార్కులు.

మన పద్యానికి వాడదామనుకునేవాళ్ళకి ఒక మాట. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఫోన్‌లో పట్టుకున్న రాయబారం పద్యానికి తాళమే ఉండదు. అయినా సైట్ టెంపో గడి ఖాళీగా వదలదు, ఆ అంకెని కొట్టేయండి. చప్పట్లు, వన్స్‌మోర్ కేకలు ముందే కత్తిరించండి, లేకపోతే అవీ లెక్కలోకి వెళ్తాయి. ఒకటి శ్రుతి మోహనాన్ని ఎ మైనర్ అందంటే ధైవతాన్ని షడ్జం అనుకుని శుద్ధ ధన్యాసి చేసేసిందన్నమాట. అక్కడ హార్మోనియం వాయించేవాడు ఏ మెట్టు మీద ఆగుతున్నాడో వినండి, కీ గడి చూడకండి.