దాలి పాల వాసనొచ్చే బీరు: ష్లెంకర్లా ఊర్‌బాక్, ఏడు సీజన్లు తాగాక

ఊర్‌బాక్ అంటే జర్మనీలోని బాంబెర్గ్ ఊళ్లో ష్లెంకర్లా అనే బ్రూవరీ సీజన్లో మాత్రమే తెచ్చే పొగబీరు. దీని గురించి రాయాలని ఎప్పట్నించో అనుకుంటున్నా, ఈ అక్టోబర్లో మళ్లీ ఊర్‌బాక్ పీపాలు తెరిచారు కాబట్టి ఇప్పుడైనా రాసేస్తున్నా. నేనుండేది ఎర్లాంగెన్‌లో, బాంబెర్గ్ ట్రైన్లో ముప్పావుగంట లోపే, అందుకే ఏడు సీజన్లలో ఒక్కటి కూడా వదల్లేదు. ఆల్కహాల్ 6.5 శాతం, రంగు ఇంచుమించు నలుపు, వెలుతురుకి పెడితే ఎరుపు, ఈ వివరాలన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పేది ఒక్క పొగ గురించే.

బీరు కోసం బార్లీని మొలకెత్తించి ఆరబెడతారు కదా, అదే మాల్ట్, ష్లెంకర్లా వాళ్లు ఆ ఆరబెట్టడం బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద, వాళ్ల సొంత బట్టీలోనే చేస్తారు, పొగంతా గింజలోకి దిగిపోతుంది. ఒకప్పుడు కట్టెల మంట మీద ఆరబెట్టిన గింజలతో చేసిన ప్రతి బీరూ ఇంతే, పొగ తగలకుండా ఆరబెట్టే బట్టీలు వచ్చాక అందరూ ఆ పద్ధతికి మారిపోయారు, బాంబెర్గ్‌లో ష్లెంకర్లా, ష్పెత్సియాల్ అని రెండు బ్రూవరీలు మాత్రం మానకుండా నిలబడ్డాయి. ష్లెంకర్లా వాళ్లదే మామూలు లేత రంగు బీరు ఒకటుంది, అందులో పొగబెట్టిన మాల్ట్ వెయ్యరు, అయినా అవే గిన్నెలు అదే ఈస్ట్ వాడటం వల్ల కొంచెం పొగ వాసనొస్తుంది, అంతగా పట్టేసుకుంది ఆ ఇంటిని.

ఇక్కడ ఎవర్నడిగినా షింకెన్ వాసన అంటారు, అంటే పొగలో ఆరబెట్టిన పందిమాంసం. మొదటి ఏళ్లలో నాకూ అదే అనిపించేది, అందరూ అదే చెప్పేవాళ్లు మరి. ఆ మాట మార్చింది మా మావయ్య. రెండేళ్ల క్రితం నవంబర్లో కూతుర్ని చూడ్డానికి న్యూరెంబెర్గ్ వచ్చాడు, ఆయన్ని బాంబెర్గ్ తీసుకెళ్లా. ష్లెంకర్లాలో పాత చెక్క దూలాల గది, తెలియనివాళ్ల పక్కనే బల్ల మీద సర్దుకుని కూర్చోవాలి, చెక్క పీపాలోంచి అలాగే గ్లాసులోకి వంపి తెస్తారు. మావయ్య గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు తాగలేదు. నచ్చలేదేమో అనుకున్నా. "ఒరేయ్, ఇది దాలి పాల వాసన కదరా" అన్నాడు.

తెలీనివాళ్ల కోసం చెప్తున్నా, దాలి అంటే గుంటలో పిడకలు రాజేసి పాలకుండ పెట్టేవాళ్లు, పొద్దున పెడితే సాయంత్రం దాకా సన్నగా కాగి పాలు ఎర్రబడి, ఇంత మందాన మీగడ కట్టేది, ఆ పొగవాసన పెరుగులోకి, మజ్జిగలోకి, చివరికి నెయ్యిలోకీ వచ్చేది. మా అమ్మమ్మ ఇంట్లో పదేళ్లొచ్చేదాకా అదే తిన్నా. మావయ్య ఆ మాట అన్నాక మళ్లీ గ్లాసు ఎత్తితే నాకు షింకెన్ వాసన రాలేదు, ఇప్పటిదాకా రాలేదు. ఆ రోజు మేమిద్దరం బీరు గురించి తక్కువ, అమ్మమ్మ గురించి ఎక్కువ మాట్లాడుకున్నాం.

ఇంకో సంగతి, రెండో గ్లాసుకి ముక్కు అలవాటు పడిపోతుంది. పొగ పోదు, వెనక్కి జరుగుతుంది, అప్పుడు కాస్త ముదిరిన బెల్లప్పాకం, బాగా కాలిన రొట్టె అంచు రుచి ముందుకొస్తాయి. ఏడాది పొడుగునా దొరికే వీళ్ల ఇంకో పొగబీరు మేర్ట్‌సెన్‌లో పొగే ముందుంటుంది, ఊర్‌బాక్‌ని మాత్రం కొండ కింద రాతి నేలమాళిగల్లో నెలల తరబడి ఊరనిస్తారు కాబట్టి పొగా తీపీ కలిసిపోయి ఉంటాయి. కొత్తవాళ్లయితే ముందు ఒక మేర్ట్‌సెన్, తర్వాత ఊర్‌బాక్.

మొదట్లో నేను అందరికీ సీసా అయినా పర్లేదు అదే రుచి అని చెప్పా. అంత ఖచ్చితంగా చెప్పకుండా ఉండాల్సింది. ఒక జూన్‌లో ఓ కొట్లో మిగిలిపోయిన సీసాలు నాలుగు కనిపిస్తే సంబరంగా కొన్నా, కిటికీ దగ్గర ఎండలో ఎన్నాళ్లు పెట్టారో ఏమో, తడిసిన అట్టపెట్టె రుచి, పొగేమో చల్లారిన బూడిదలా. నాలుగూ సింకులో పోశా, బాధేసింది. ఇప్పుడు సీజన్లోనే కొని బేస్‌మెంట్లో చీకట్లో పెడతా, ఫ్రిజ్‌లోంచి తీశాక అరగంట ఆగుతా, మరీ చల్లగా ఉంటే తీపి అస్సలు తెలీదు. అయినా పీపాలోంచి వంపినదానికున్న మెత్తదనం సీసాకి రాదు, గ్యాస్ ఎక్కువ.

మన వంటలతో బాగుంటుందని కూడా అన్నా. చేపల వేపుడుతో అవును. గోంగూర మటన్‌తో వద్దు, పులుపూ కారం కలిసి బీరుని చేదు చేసేస్తాయి. బాంబెర్గ్‌లోనే దొరికే కీమా కూరిన ఉల్లిపాయ, దాని మీద పొగబీరు సాస్, దానికి మించిన జోడీ నాకు తగల్లేదు.

మీకు నచ్చుతుందా అంటే చెప్పలేను. మా ఆవిడ సిటీలో పెరిగింది, ఏడేళ్లలో ఒక్క గుక్క మించి తాగలేదు, పొగ తలకెక్కుతుందంటుంది, తప్పేం లేదు. నాకు దాలి ఉంది, ట్రైన్ దగ్గర్లో ఉంది. క్రిస్మస్ ముందు ఓక్ కట్టెల పొగతో ఐషె అని ఇంకోటొస్తుంది, 8 శాతం, పొగ ఇంకా సున్నితం, చాలామంది అదే గొప్పదంటారు. ఒక గ్లాసు తాగుతా, బాగుంటుంది, కానీ దాలి వాసన నాకు ఊర్‌బాక్‌లోనే వస్తుంది.