మూడు క్రూజులు, మూడు మస్టర్ డ్రిల్స్: ఓడను నేను దేన్నిబట్టి ఎంచుతానంటే

రాత్రి రెండు దాటింది. నడవాలో స్పీకర్ ఒక్కసారిగా మోగింది. "బ్రావో, బ్రావో, బ్రావో" అని మూడుసార్లు చెప్పి, ఆ వెంటనే ఏదో డెక్ పేరు చెప్పారు. మావారు లేచి తలుపు తీశారు. నేను నిద్రలో ఉన్న పాపని భుజాన వేసుకున్నాను. అత్తయ్య మంచం మీద కూర్చుని చెప్పుల కోసం కాలితో వెతుకుతున్నారు. "అమ్మాయ్, ఎటు వెళ్లాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

చాలా ఓడల్లో బ్రావో అంటే మంటలకు వాడే సంకేతం. అది సిబ్బందిని పిలిచే పిలుపు మాత్రమే, ప్రయాణికులు కదలక్కర్లేదు. ప్రయాణికులు కదలాల్సిన సంకేతం వేరే ఉంది: ఏడు లేదా అంతకంటే ఎక్కువ పొట్టి కూతలు, చివర ఒక పొడవాటి కూత. ఈ తేడా ఆ రాత్రికి మాలో ఎవరికీ గుర్తు లేదు. నలుగురం మెట్ల వైపు నడిచాం. సగం దూరంలో, పగలంతా తెరిచే ఉండి గోడలో కలిసిపోయిన పెద్ద తలుపు ఇప్పుడు మూసి ఉంది. దాని ముందు ఐదారుగురు నిలబడ్డారు. "తాళం వేసేశారు" అని ఒకాయన వెనక్కి తిరిగారు. ఆయన వెనకే మేమందరం తిరిగాం.

పావుగంట తర్వాత కెప్టెన్ గొంతు వినిపించింది. లాండ్రీ గదిలో పొగ వచ్చిందని, ఆర్పేశామని, భయం లేదని చెప్పారు. మర్నాడు ఒక ఆఫీసరు కనిపిస్తే ఆ తలుపు సంగతి అడిగాను. ఆయన నన్ను అక్కడికే తీసుకెళ్లి, మూసి చూపించి, ఒక చేత్తో నెట్టి తెరిచారు. అది పొగనీ మంటనీ ఆపే ఫైర్ డోర్. పైనుంచి, అంటే ఓడని నడిపే గది అయిన బ్రిడ్జి నుంచి, ఒక మీట నొక్కితే అన్నీ ఒకేసారి మూసుకుంటాయి. తాళం పడదు. ఎటువైపు నుంచైనా ఒక్క మనిషి తెరవగలిగేలా వాటిని చేస్తారు. ఓడ అడుగు భాగంలో నీళ్లు రాకుండా మూసే బరువైన తలుపులు వేరు, వాటి జోలికి ప్రయాణికులు వెళ్లకూడదు. ఇంత చిన్న విషయం తెలియక తొమ్మిది పది మందిమి దారి వదిలేసి వెనక్కి వచ్చేశాం.

అది మా రెండో క్రూజు, మధ్యధరా సముద్రంలో. దాని గురించి చెప్పేముందు మొదటిది చెప్పాలి, ఎందుకంటే నేను పోల్చి చూసేది దానితోనే.

మొదటిసారి వెళ్లింది నార్వే తీరం వెంట, వెయ్యి మందిలోపు ప్రయాణికులున్న ఓడలో. క్యాబిన్ చిన్నది, మంచాల మధ్య ఒక మనిషి నిలబడేంత చోటు. బాత్‌రూమ్ ఇంకా ఇరుకు. కానీ ఎక్కిన రెండు గంటలకే అలారం మోగింది. మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాలో అందరి చేతా చేయించే సాధన, అయ్యేదాకా ఏ కౌంటరూ తెరవలేదు. అందరూ ముందు ఎవరి క్యాబిన్‌కి వాళ్లు వెళ్లాలి, అలమరలోంచి లైఫ్‌జాకెట్ తీసుకోవాలి, అక్కడినుంచి మస్టర్ స్టేషన్‌కి, అంటే ప్రమాదంలో అందరూ చేరాల్సిన చోటికి, నడవాలి. లిఫ్టులు ఆపేశారు. ప్రతి మెట్ల మలుపు దగ్గరా పసుపు టోపీ పెట్టుకున్న మనిషి ఒకరు చెయ్యి చూపిస్తూ నిలబడ్డారు. మెట్ల మీద జాకెట్ తాళ్లు వేలాడేస్తే వెనకవాళ్లు తొక్కుతారని, చుట్టి పట్టుకోమని ప్రతి ఒక్కరికీ చెప్పారు. స్టేషన్‌లో కార్డులు స్కాన్ చేశారు. ఇద్దరు రాకపోతే వాళ్ల పేర్లు స్పీకర్‌లో పిలిచారు, వాళ్లు వచ్చేదాకా మొదలుపెట్టలేదు. తర్వాత జాకెట్ వేసుకోవడం, దానికున్న విజిల్, నీళ్లు తగిలితే వెలిగే దీపం చూపించి, చివరికి వరసగా డెక్ మీదికి తీసుకెళ్లి మా లైఫ్‌బోటు కింద నిలబెట్టారు. మొత్తం ముప్పావుగంట పైనే పట్టింది.

అత్తయ్యకి మోకాళ్ల నొప్పి. అంతసేపు నిలబడటం కష్టమైంది. కుర్చీ అడిగితే తెచ్చారు గానీ, అడిగేదాకా ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఓడ మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే.

ఆ దారిలోనే హుస్టాడ్‌వికా అనే చోటు వస్తుంది. రాళ్లు ఎక్కువ, తుపాను రోజుల్లో ఓడలకు పీడకల. మేము వెళ్లినరోజు నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. 2019 మార్చి 23న వైకింగ్ స్కై అనే ఓడ ఇక్కడే తుపానులో ఇంజన్లు ఆగిపోయి రాళ్ల వైపు కొట్టుకుపోయింది. ఇంజన్లలో లూబ్రికేటింగ్ ఆయిల్ తక్కువగా ఉండటం వల్ల అవి ఆగాయి. ఓడలో 1,373 మంది. ఆ అలల్లో లైఫ్‌బోట్లు దింపే వీలు లేదు. హెలికాప్టర్లు ఒక్కొక్కరినీ పైకి లాగుతూ 479 మందిని ఒడ్డుకు చేర్చాయి. మిగతావాళ్లు లైఫ్‌జాకెట్లతో మస్టర్ స్టేషన్లలో గంటల తరబడి కూర్చున్నారు. మర్నాడు ఓడ మోల్డే రేవు చేరింది. ఎవరూ చనిపోలేదు. అప్పటిదాకా నేను మస్టర్ స్టేషన్ అంటే పడవ ఎక్కే ముందు రెండు నిమిషాలు నిలబడే చోటు అనుకున్నాను. రాత్రంతా ఉండాల్సిన చోటు కూడా కావచ్చని అక్కడే అర్థమైంది. అందుకే రోజూ వేసుకునే మందులు, ఒక స్వెట్టరు, కళ్లజోడు ఒక చిన్న సంచిలో వేసి తలుపు పక్కనే తగిలించడం మొదలుపెట్టాను. స్టేషన్‌కి వెళ్లాక వస్తువుల కోసం మళ్లీ క్యాబిన్‌కి రానివ్వరు, రాకూడదు కూడా.

ఇక మధ్యధరా క్రూజు. రోమ్‌కి రేవైన చివిటవెక్కియాలో ఎక్కాం. నాలుగు వేల మందికి పైగా ప్రయాణికులు. క్యాబిన్ నార్వే ఓడకి రెండింతలు ఉంది, బాల్కనీ ఉంది, సేవలు వంక పెట్టలేనంత బాగున్నాయి. గది శుభ్రం చేసే అబ్బాయి రెండో రోజుకే పాప పేరు పెట్టి పిలిచాడు. డ్రిల్ మాత్రం ఫోన్‌లో. నాలుగైదు నిమిషాల వీడియో, అందులోనే అలారం శబ్దం. అది చూశాక ఎప్పుడు వీలైతే అప్పుడు స్టేషన్‌కి వెళ్లి కార్డు స్కాన్ చేయించుకోవాలి. ఈ పద్ధతిని 2020లో, కోవిడ్ రోజుల్లో, జనం గుంపుగా నిలబడకుండా ఉండేందుకు తెచ్చారు. తర్వాత చాలా కంపెనీలు అలాగే ఉంచేశాయి.

దీన్లో మంచి లేదనను. అత్తయ్య కూర్చునే వీడియో చూశారు, రెండుసార్లు చూశారు. గుంపులో వెనక నిలబడి ముందువాళ్ల తలలు చూడటం కంటే అది నయం. కానీ మేము స్టేషన్‌కి వెళ్లింది ఈతకొలను ఉన్న డెక్ నుంచి, లిఫ్టులో. క్యాబిన్ నుంచి ఆ దారి ఒక్కసారీ నడవలేదు. జాకెట్లు స్టేషన్‌లోనే ఉంటాయన్నారు, ఎవరో ఒకమ్మాయి వేసుకుని చూపించింది, మా ఒంటి మీదికి రాలేదు. ఓడ కదిలే ముందు అసలు అలారం ఒకసారి మోగించారు గానీ, పై డెక్‌లో పాటల హోరులో దాన్ని విన్నవాళ్లు తక్కువ. లాండ్రీ పొగ రాత్రి మేము ఎటు వెళ్లాలో తెలియక నిలబడటానికి కారణం ఇదే.

అదే ప్రయాణంలో ఆ తీరంలోనే జిల్యో దీవి ఉంది. 2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకోర్డియా అనే క్రూజు ఓడ రాయిని గుద్దుకున్నది అక్కడే. 4,229 మంది ఓడలో ఉన్నారు, 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం, తర్వాత మేమూ ఎక్కిన ఈ రేవులోనే, ఓడ ఎక్కిన దాదాపు 700 మందికి అప్పటికింకా డ్రిల్ జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే చాలన్నది అప్పటి నియమం, వాళ్లకు మర్నాటికి పెట్టారు. రాత్రి 9:45కి ఓడ దెబ్బతింది. కరెంటు సమస్య మాత్రమేనని చెప్పారు, కొందరిని క్యాబిన్లకు తిరిగి వెళ్లమన్నారు కూడా. ఓడ వదిలేయమని ఆదేశం వచ్చేసరికి గంట దాటింది. అప్పటికి ఓడ బాగా ఒరిగిపోయి, ఒక వైపు పడవలు దించడమే కష్టమైంది. కెప్టెన్‌కి 2015లో 16 ఏళ్ల శిక్ష పడింది. ఓడ కదిలే ముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరిగి తీరాలన్న అంతర్జాతీయ నియమం 2015 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రేవులో కూర్చుని ఫోన్‌లో వీడియోని ముందుకు జరుపుతున్నవాళ్లని చూస్తే నాకు కడుపులో దేవినట్టయింది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. టైటానిక్‌లో పడవల్లో చోటు 1,178 మందికే, ఎక్కినవాళ్లు 2,200 మంది పైచిలుకు. ఆ తర్వాత 1914లో సముద్రంలో ప్రాణరక్షణ కోసం సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పుట్టింది. ఇప్పుడు దూర ప్రయాణాల ఓడల్లో పడవలు, తెప్పలు కలిపి ఓడలో ఉన్న అందరికీ సరిపోగా మరో 25 శాతం మందికి చోటుండాలి. ఓడ వదలమన్న సంకేతం వచ్చాక అన్ని పడవలూ 30 నిమిషాల్లో నీళ్లలోకి దిగాలి. కానీ ఆ 30 నిమిషాలు లెక్కించేది అందరూ చేరి, జాకెట్లు వేసుకున్న తర్వాతి నుంచి. చేరడానికి పట్టే సమయం మన చేతిలోనే ఉంది. ఒక్కరు స్కాన్ కాకపోయినా, సిబ్బందిలో ఎవరో పొగలోనో ఒరిగిన నడవాలోనో వాళ్ల క్యాబిన్ వెతకడానికి వెళ్లాలి. డ్రిల్‌కి రానివాళ్ల మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. రాకపోతే దింపేసే అధికారం కెప్టెన్‌కి ఉంది, ఉండాలి కూడా.

మూడోది అలాస్కా, రెండు వేల మంది ఓడ. ఈసారి క్యాబిన్ ఎంచుకోవడమే వేరుగా చేశాం. మావారు బాల్కనీ అన్నారు. "ఏమండీ, ముందు మెట్లెక్కడున్నాయో చూడండి" అని డెక్ ప్లాన్ ఆయన ముందు పెట్టాను. చివరికి కిటికీ లేని లోపలి క్యాబిన్, ఓడ మధ్యలో, మెట్లకు దగ్గరగా, మస్టర్ స్టేషన్‌కి ఒక్క అంతస్తు తేడాలో తీసుకున్నాం. మంచుకొండలు చూడటానికి ఎలాగూ డెక్ మీదికే వెళతాం. లోపలి క్యాబిన్‌లో దీపం ఆర్పితే కటిక చీకటి, కాబట్టి టార్చి దిండు కింద ఉండాలి. నడవాలో నేల వెంట చీకట్లో మెరిసే పట్టీ ఉంటుంది. పొగ పైకి కమ్మినప్పుడు వంగి దాన్ని పట్టుకుని నడవడానికే అది. పాప దాన్ని చూసి "అమ్మా, నేల మీద దీపాల గీత!" అంది.

ఈ ఓడలోనూ డ్రిల్ ఫోన్‌లోనే మొదలైంది. తేడా స్టేషన్ దగ్గర తెలిసింది. కార్డు స్కాన్ చేసిన అబ్బాయి మమ్మల్ని వదిలేయలేదు. నలుగురి చేతా జాకెట్లు వేయించి, పట్టీలు లాగి చూసి, "మీ క్యాబిన్ నుంచి ఇక్కడికి ఏ మెట్ల మీదుగా వస్తారు?" అని అడిగాడు. మావారు తడబడితే "ఒకసారి వెళ్లి నడిచి రండి, నేనిక్కడే ఉంటాను" అన్నాడు. నడిచి వచ్చాం. పాప చేతికి స్టేషన్ అక్షరం రాసిన పట్టీ కట్టారు. పిల్లల క్లబ్‌లో ఉండగా అలారం మోగితే క్లబ్ వాళ్లే పాపని మా స్టేషన్‌కి తీసుకొస్తారని, మేము ఎదురు వెళ్లకూడదని స్పష్టంగా చెప్పారు. చిన్నపిల్లలున్నవాళ్లు ఇది తప్పకుండా అడగాలి, ఓడ ఓడకీ పద్ధతి మారుతుంది.

అత్తయ్య మోకాళ్ల సంగతి బుకింగ్‌లోనే రాశాం. ఎక్కిన సాయంత్రం ఇద్దరు సిబ్బంది క్యాబిన్‌కి వచ్చి, మెట్ల మీద దించే మడత కుర్చీ ఎలా ఉంటుందో చూపించి, అందులో ఆవిడని కూర్చోబెట్టి నాలుగు మెట్లు దించారు. ఆవిడ మొదట గట్టిగా చేతులు పట్టుకున్నారు, తర్వాత వదిలారు. మా గదికి ఎవరు వస్తారో, ఆ ఇద్దరూ లేకపోతే ఎవరో కూడా చెప్పి వెళ్లారు.

మిగతా సేవల్లో ఆ ఓడ మధ్యధరా ఓడకి సాటి రాదు. గది శుభ్రం చేయడానికి మధ్యాహ్నం దాటేది, ఎక్కేటప్పుడు వరసలో రెండు గంటలు నిలబెట్టారు, ఇంటర్నెట్ సగం రోజులు రాలేదు. అయినా నన్నడిగితే మళ్లీ ఆ ఓడే ఎక్కుతాను. ఆ తర్వాత నా ఎంపిక నార్వే ఓడ. మధ్యధరా ఓడ ఎక్కాల్సి వస్తే మాత్రం సామాను దింపగానే, సూట్‌కేసు తెరవకముందే, నలుగురం నడవాలోకి వస్తాం. అలాస్కాలో అదే చేశాం. పాప ముందు నడుస్తూ గోడని తడుముతూ పైకే లెక్క పెట్టింది: కుడి చేతివైపు తొమ్మిది తలుపులు, తర్వాత నెడితే తెరుచుకునే పెద్ద తలుపు, తర్వాత మెట్లు. అత్తయ్య వెనకనుంచి "ఇంకోసారి, ఈసారి కళ్లు మూసుకుని" అన్నారు.