ఉద్దాల నాడు కురుమూర్తి గట్టు కింద

ఉద్దాలంటే కురుమూర్తి స్వామి పాదుకలు. మహబూబ్‌నగర్ జిల్లాలో వేంకటేశ్వరుడు కురుమూర్తిగా వెలసిన కొండే ఈ గట్టు. దీపావళి వెళ్లాక వచ్చే కార్తీక సప్తమి నాడు అవి చిన్నవడ్డెమాన్ నుంచి ఊరేగింపుగా కురుమూర్తి గట్టుకు చేరతాయి. ఈసారి సప్తమి శుక్రవారం పడింది. ఒక్కరోజు సెలవు పెట్టి నేనూ మా ఆవిడా బయల్దేరాం.

మహబూబ్‌నగర్‌లో జాతర స్పెషల్ బస్సు తొందరగానే దొరికింది. సీటు మాత్రం దేవరకద్ర దాటాక గానీ దొరకలేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ కథ చెప్పింది. కుబేరుడి అప్పు తీర్చలేక స్వామి తిరుమల విడిచి ఉత్తరానికి నడిచాడట. జూరాల దగ్గర కృష్ణలో స్నానం చేసి బయల్దేరుతుంటే, పాదాలు కందిపోతాయని కృష్ణమ్మే పాదుకలు ఇచ్చిందట. "అప్పుల బాధకు ఇల్లిడిసి వచ్చిన దేవుడు బిడ్డా, మన లెక్కనే" అంది. ఆమె కొడుకు పుణెలో మేస్త్రీ పని చేస్తాడు. జాతరకని ఆ ముందురోజే వచ్చాడట.

ఆ పాదుకల ముచ్చటనే ఏటా ఊళ్లు ఊళ్లు కలిసి మళ్లీ జరిపిస్తాయి. వేషాలుండవు, స్టేజీ ఉండదు. చిన్నవడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలు నియమంతో ఉండి ఉద్దాలు కుడతాయి. స్వామి నగలు కూడా ఆత్మకూరు నుంచి ఊరేగింపుగానే వస్తాయి. మేం వెళ్లేసరికి రోడ్డు పొడవునా ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, డప్పులు. ఉద్దాలు దగ్గరికి రాగానే జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొచ్చారు. నెత్తికి ఆనించుకోవాలని అందరికీ ఆశ. నాకు రెండు క్షణాలు కనిపించాయంతే, మా ఆవిడకు అదీ లేదు. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ఆ గంటసేపు దూరంగా నిలబడడమే మంచిది.

దర్శనానికి మూడు గంటలు పట్టింది. క్యూలో నీళ్లు ఇస్తున్నారు గానీ మధ్యలో నీడ లేదు. మరుగుదొడ్ల సంగతి చెప్పకపోవడమే మేలు. ఆడవాళ్లకు అది నిజంగా ఇబ్బందే.

గట్టు దిగాక మాత్రం కడుపు నిండిపోయింది. కొత్త కుండల్లో దాసంగాలు, అంటే స్వామికి నైవేద్యం, వండుకునే కుటుంబాలు ఎటు చూసినా కనిపిస్తాయి. మేం ఊరికే చూస్తూ నిలబడితే ఒకాయన పిలిచి అన్నం, పచ్చిపులుసు పెట్టాడు. ఆ పులుసులో కాల్చిన మిరపకాయ వాసన ఇంకా ముక్కులోనే ఉంది. కాస్త అవతల బొగ్గుల మీద మాంసం చీకులు కాలుతున్నాయి. ధర అడిగి తినండి, బేరం కూడా ఆడండి.

రాత్రి మహబూబ్‌నగర్ లాడ్జికి వచ్చాం. ఫోన్లో ఒక రేటు చెప్పి, వచ్చాక "జాతర టైం కదా సార్" అని రెండింతలు అడిగారు. వేడినీళ్లు రాలేదు. దుప్పటి మార్చమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. గట్టు కిందే చాప పరుచుకుని పడుకున్నవాళ్లు మాకంటే హాయిగా ఉన్నారేమో అనిపించింది. చలి పెడుతుంది కాబట్టి ఉన్ని దుప్పటి ఉంటేనే ఆ ఆలోచన చేయాలి.

శనివారం జూరాల వెళ్లాం. గేట్లు మూసే ఉన్నాయి, డ్యామ్ చూడ్డానికి పది నిమిషాలు చాలు. చేపల వేపుడు కోసమైతే మళ్లీ వెళ్తా. కళ్ల ముందే కారం పట్టించి నూనెలో వేస్తారు.

ఆదివారం పిల్లలమర్రి. 2018లో చెదపురుగులు పడితే సెలైన్ సీసాలతో పురుగుమందు ఎక్కించి కాపాడిన పెద్ద మర్రిచెట్టు ఇదే. చుట్టూ కంచె ఉంది, ఊడల మధ్య తిరుగుదామనుకుంటే కుదరదు. మా ఆవిడ కంచె పట్టుకుని చాలాసేపు చూసి, "వచ్చే ఏడు మీరు లాడ్జిలో పడుకోండి, నేను ఆ పెద్దమ్మ వాళ్ల ట్రాక్టర్ ఎక్కుతా" అంది. ఫోన్ నంబర్ కూడా తీసుకుందట, బస్సులోనే.