రాత్రి తొమ్మిదికి మీరెక్కడ? ఫ్యామిలీ సూటా, కనెక్టింగ్ రూములా, విల్లానా

సెలవులు దగ్గరపడ్డాయంటే చాలు, ఒకటే ప్రశ్న పదిమంది అడుగుతారు నన్ను. "బీచ్ రిసార్టుకి పోదామనుకుంటున్నాం, పిల్లలిద్దరు, వాళ్ళకి వేరే పడక ఉండాలి, ఏది తీసుకోమంటావు?" నేను నోరు తెరిచేలోపే ఒక ఫొటో పంపుతారు. పెద్ద మంచం, దాని మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు, వెనకాల అద్దంలోంచి సముద్రం. పిల్లలు పడుకునేది ఎక్కడో మాత్రం ఆ ఫొటోలో ఉండదు.

మొన్ననే మేమూ ఇదే తేల్చుకుని వెళ్ళొచ్చాం కాబట్టి ఈసారి అందరికీ కలిపి ఒకేచోట రాసేస్తున్నా. ఇసుక ఎలా ఉంది, అలలు ఎలా ఉన్నాయి, పిల్లల కొలను లోతెంత, లైఫ్‌గార్డు ఉన్నాడా, ఇవన్నీ ఎలాగూ మీరు చూసుకుంటారు. నేను మాట్లాడేది రాత్రి గురించి.

మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలంటారు డాక్టర్లు. పొద్దంతా ఉప్పునీళ్ళలో ఎగిరినవాళ్ళు ఎనిమిదిన్నరకే వాలిపోతారు. మనకేమో పదకొండు దాటితే గానీ నిద్ర రాదు. మధ్యలో రెండున్నర గంటలు. నాలుగు రాత్రులకి పది గంటలు. నన్నడిగితే పెద్దవాళ్ళకి దొరికే సెలవు ఆ పది గంటలే. అవి ఎక్కడ గడుస్తాయన్నది గదిని బట్టి ఉంటుంది.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్తా. మూడేళ్ళ కిందట ఒక రిసార్టులో ఫ్యామిలీ సూట్ అని బుక్ చేశాం. వెళ్ళి చూస్తే ఒకటే పెద్ద గది. మధ్యలో భుజం ఎత్తు చెక్క అడ్డు, దానికి అటు పెద్ద మంచం, ఇటు రెండు చిన్న మంచాలు. పగలంతా బానే ఉంది. ఎనిమిదిన్నరకి పిల్లలు పడుకున్నారు. లైటు వేస్తే చిన్నాడు కదులుతాడు. టీవీ ఊసే ఎత్తలేం. మా ఆయనా నేనూ చీకట్లో మంచం మీద పక్కపక్కనే కూర్చుని, వెలుగు బాగా తగ్గించిన ఫోన్లలో ఒకరికొకరం మెసేజీలు పెట్టుకున్నాం. ఇలా కాదని బాల్కనీలోకి పోదామని లేచాం. అది పక్కకి జరిపే గాజు తలుపు. సముద్రపు గాలికి అడుగున చక్రాలు తుప్పు పట్టిపోయాయి. నేను పిడి పట్టుకుని తలుపుని కాస్త పైకెత్తి, అంగుళం అంగుళం జరుపుతుంటే ఆయన ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. జానెడు జరిగిందో లేదో, కీచుమంది. "అమ్మా, తెల్లారిందా?" అన్నాడు చిన్నాడు. అంతే, పదిన్నర దాకా వాడికి కథలు చెప్తూ కూర్చున్నాం.

ఆ రాత్రి నుంచి గది ఎంత పెద్దదన్నది నాకు పట్టదు. మధ్యలో గోడ ఉందా, దానికి తలుపుందా, ఆ తలుపు వేశాక ఎటువైపు ఎవరుంటారు, ఈ మూడే చూస్తాను.

సూట్ అనే మాటతోనే మొదలుపెడదాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఫ్యామిలీ రూమ్ అంటే చాలాచోట్ల ఒకే గదిలో మంచాలు ఎక్కువ, అంతే. జూనియర్ సూట్ అన్నా మామూలుగా గది ఒకటే, ఓ మూల సోఫా ఉంటుంది. ఫ్యామిలీ సూట్ అన్నదానికైతే ఎవరి అర్థం వాళ్ళది, మాకు తగిలింది చూశారుగా. మనక్కావాల్సింది పడగ్గది వేరు, హాలు వేరు, మధ్యలో తలుపు ఉన్నది. దాన్నే వన్ బెడ్‌రూమ్ సూట్ అంటారు. అప్పుడు కూడా కొన్ని అడగాలి. గోడ కప్పు దాకా ఉందా, పైన ఖాళీ వదిలేశారా? తలుపంటే తలుపేనా, కర్టెనా? చెక్క పట్టీల తలుపైతే వెలుగూ మాటలూ సందుల్లోంచి దర్జాగా పోతాయి. రెండు గదులకీ వేర్వేరు ఏసీలున్నాయా? ఇది చాలామంది మర్చిపోతారు. ఏసీ హాల్లో ఒక్కటే ఉంటే, తలుపు వేసిన అరగంటకి లోపల పిల్లలు చెమటతో లేస్తారు. మీరు తలుపు తీసిపెడతారు. ఇక ఆ గోడ ఉండీ దండగే.

ఇప్పుడు అసలు కిటుకు. ఇలాంటి సూట్ తీసుకున్న వాళ్ళందరూ పడగ్గదిలో తాము పడుకుని, హాల్లో సోఫా కమ్ బెడ్ మీద పిల్లల్ని వేస్తారు. రిసార్టు వాళ్ళు పక్క వేసేది కూడా అలాగే. ఎనిమిదిన్నరకి పిల్లలు హాల్లో పడుకున్నాక మీరు పడగ్గదిలో బందీ. బాల్కనీ హాల్లోంచి, ఫ్రిజ్ హాల్లో, బయటికి దారి హాల్లోంచి. మంచినీళ్ళు కావాలన్నా పిల్లల తలల పక్కనుంచి పిల్లిలా నడవాలి. దీన్ని తిరగేయండి. పిల్లల్ని లోపలి గదిలో పెద్ద మంచం మీద పడుకోబెట్టి, మీరు హాల్లో ఉండండి. బాల్కనీ మీది, దీపం మీది, కబుర్లు మీవి.

ఇందులో ఇంకో లాభం ఉంది, నాకు అదే ముఖ్యం. వరండాలోకి పోయే తలుపు, బాల్కనీ తలుపు రెండూ మన వైపే ఉంటాయి. అర్ధరాత్రి నిద్రమత్తులో లేచినా, పొద్దున్నే సముద్రం గుర్తొచ్చి లేచినా, పిల్లలు మనల్ని దాటకుండా బయటపడలేరు. (లోపలి గదికి కూడా విడిగా బాల్కనీ ఉంటే ఈ లెక్క చెల్లదు. ప్లాన్ అడిగి చూసుకోండి.) మొన్న మా చిన్నాడు ఆరింటికే వచ్చి నా భుజం తట్టి "సముద్రం తెరిచారా?" అని అడిగాడు. వాడు మమ్మల్ని దాటి వెళ్ళడానికి దారి లేదు కాబట్టే అడిగాడు.

నష్టం లేదా అంటే ఉంది, నడుం. సోఫా కమ్ బెడ్ పరుపు పల్చగా ఉంటుంది, దాని కింది కడ్డీ సరిగ్గా నడుం దగ్గర తగులుతుంది. అదనపు పరుపు ఒకటి పైన వేయమని ముందే చెప్పండి, చాలాచోట్ల వేస్తారు. బాత్‌రూమ్ పడగ్గదిలోంచి మాత్రమే అయితే రాత్రి మనం పిల్లల గదిలోంచి వెళ్ళాల్సి వస్తుంది. అది మేం భరించాం. చీకట్లో అయిదడుగులు నడవడమేగా.

కనెక్టింగ్ రూముల దగ్గరికొస్తే, కాగితం మీద వీటిని మించినవి లేవు. రెండు గదులు, రెండు బాత్‌రూములు, మధ్యలో తలుపు. బీచ్ నుంచి నలుగురూ ఒంటినిండా ఇసుకతో వచ్చినప్పుడు రెండు షవర్లు ఉండటం ఎంత హాయో అనుభవిస్తేనే తెలుస్తుంది. నిజానికి మధ్యలో ఉండేవి చాలావరకు రెండు తలుపులు, ఒకదానికొకటి ఆనుకుని. ఏ గది వాళ్ళది ఆ వైపు గడియ. రెండు వేసేస్తే చప్పుడు బాగా తగ్గుతుంది, రెండూ తీసి ఉంచితే ఒకే ఇల్లు.

చిక్కు మొదట మాటలోనే ఉంది. కనెక్టింగ్ వేరు, అడ్జాయినింగ్ వేరు. రెండోదానికి అర్థం పక్కపక్క గదులని మాత్రమే, మధ్యలో తలుపు ఉండాలని లేదు. ఫోన్లో మాట్లాడేవాళ్ళు రెండింటినీ కలిపేస్తుంటారు. "రెండు గదుల మధ్య, వరండాలోకి రాకుండా వెళ్ళే తలుపు ఉందా?" అని విడమర్చి అడగండి. ఇక రెండో చిక్కు, బుకింగ్‌లో చిన్న అక్షరాలతో ఉండే "వీలును బట్టి". అంటే మీరు అడిగినట్టే గానీ వాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు. మాకొకసారి ఇలాగే వరండాకి ఈ చివరొకటి, ఆ చివరొకటి ఇచ్చారు. పాపతో నేను, చిన్నాడితో ఆయన, మూడు రాత్రులు చెరో కాపురం. కనెక్టింగ్ ఖాయమని మెయిల్లో రాయించుకోండి, బయల్దేరే ముందు ఫోన్ చేసి ఇంకోసారి అడగండి. మొహమాటపడితే మోసపోయేది మీరే.

అన్నీ కుదిరినా చిన్నపిల్లలుంటే నాకు వీటి మీద మనసు పోదు. కారణం పైన చెప్పిందే. పిల్లల గదికి వరండాలోకి సొంత తలుపు, సొంత బాల్కనీ ఉంటాయి. అగ్నిప్రమాదం వస్తే బయటపడాలి కాబట్టి హోటల్ గది తలుపు లోపలి నుంచి తాళం లేకుండానే తెరుచుకుంటుంది. ఉండాల్సింది కూడా అలాగే, దానికి సూట్‌కేసులు అడ్డం పెట్టడం తప్పు. పిడికి నాలుగు మువ్వలు కట్టండి, కదిపితే మీకు వినపడుతుంది. బాల్కనీ తలుపుకి పై గడియ ఉందేమో చూసి వేయండి, కుర్చీలు కటకటాల దగ్గర ఉంచకండి. లేదంటే పిల్లల గదిలో ఒకరు పడుకోవాలి. అప్పుడు రెండు గదుల డబ్బు పోసి మనకి మిగిలిందేమిటి? పిల్లలు ఏడెనిమిదేళ్ళు దాటాక, లేదా ముగ్గురుంటే, మాట వేరు. అప్పుడు కళ్ళు మూసుకుని కనెక్టింగే.

విల్లా గురించి అడిగేవాళ్ళు ఎక్కువే. రెండు పడగ్గదులు, వంటగది, గుమ్మం దిగితే సొంత కొలను. అమ్మమ్మా తాతయ్యా కూడా వస్తుంటే, పిల్లలు పెద్దవాళ్ళయితే దీనికి సాటి లేదు. కానీ ఆ గుమ్మం ముందు కొలనే నాకు నిద్ర పట్టనివ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీళ్ళలో మునిగి చనిపోయినవాళ్ళు సుమారు 3,00,000 మంది, అందులో నాలుగో వంతు దాకా ఐదేళ్ళలోపు పిల్లలే. మునిగే పిల్లలు చాలావరకు కేకలు వేయరు, పెద్దగా చప్పుడే ఉండదు. కొలనుకి నాలుగు వైపులా నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు ఉంటే ఆలోచించొచ్చు. అయితే చూపుకి అడ్డమని విల్లాల్లో చాలామంది కంచె పెట్టరు. పగలు ఒకరు కాపలా ఉంటాం సరే, పొద్దున అయిదున్నరకి ఎవరుంటారు? మా చిన్నాడికి ఆరేళ్ళు దాటేదాకా విల్లా వద్దనుకున్నాం.

మిగతావి చకచకా. అదనపు మంచం, మడత మంచం అంటే వేరే గది కాదు, వేరే మంచం మాత్రమే. బంక్ బెడ్ ఉన్న గూడు పిల్లలకి పండగే, కానీ పై బెర్తు ఆరేళ్ళలోపు వాళ్ళకి పనికిరాదు, గూటికి తలుపు లేకపోతే మన సంగతి మొదటికే వస్తుంది. మెట్లెక్కే అటక గదుల్లో తలుపు ఉండదు, వేడి పైకి చేరుతుంది, మెట్లు సరేసరి. ఆరు నెలలలోపు పాపాయి ఉంటే ఇదంతా మీకు అక్కర్లేదు. మీ గదిలోనే, మీ మంచం పక్కన విడిగా ఊయల మంచంలో ఉండాలి, గట్టి పరుపు, దిండు లేకుండా.

ఏది తీసుకున్నా పిల్లల పడక తూర్పు కిటికీ వైపు రాకుండా చూసుకోండి. తీరం తూర్పు ముఖమైతే సూర్యుడు నేరుగా నీళ్ళ మీంచి గదిలోకి దిగుతాడు, మందపాటి కర్టెన్లు లేకపోతే తెల్లవారుజామునే లేచి కూర్చుంటారు. అలల చప్పుడుతో ఇబ్బంది లేదు, ఆగకుండా ఒకే తీరున ఉంటుంది కాబట్టి జోలపాటలా పనిచేస్తుంది. కొలను పక్క స్పీకర్లతోనే తంటా. పాటలు ఎన్నింటికి ఆపుతారో, మీ గది వాటికి ఎంత దూరమో అడగండి.

ఇన్నీ గుర్తుండకపోతే రిసార్టుకి ఒక్క మాట రాయండి: "పిల్లల మంచం మీద కూర్చుని మా మంచం వైపు తిరిగి ఒక ఫొటో తీసి పంపండి." గోడ, తలుపు, కర్టెన్, సందు, అన్నీ అందులో పడిపోతాయి. మొన్న వెళ్ళే ముందు నేను ఇద్దరికి రాశాను. ఒకరు హంసల ఫొటోయే మళ్ళీ పంపారు. రెండోవాళ్ళు తలుపు మూసి ఒకటి, తీసి ఒకటి తీసి పంపారు. వాళ్ళ దగ్గరికే వెళ్ళాం.

అయితే ఈ సూట్ కాలం కూడా మాకు అయిపోవచ్చింది. పాపకి తొమ్మిది నిండాయి. వచ్చేసారి కనెక్టింగే తీసుకోవాలట, తన గదికి తాళం కార్డు తనకే ఇవ్వాలట.