పగటిపూట ట్యూషన్లు ఇప్పిస్తామనే బ్యూరోతో జాగ్రత్త

హోమ్ ట్యూటర్లందరికీ చెబుతున్నా. మన హైదరాబాద్ ట్యూటర్ల గ్రూపుల్లో పొద్దున్నే "10 నుంచి 3 మధ్య స్టూడెంట్స్ గ్యారంటీ" అని పోస్టర్ పడేస్తుంటారు చూడండి, వాళ్లకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. నా దగ్గర రిజిస్ట్రేషన్ అని 3,500 తీసుకున్నారు. బడి పిల్లలు సాయంత్రం గానీ దొరకరు, పగలంతా ఖాళీ, ఆ అవసరం వాళ్లకి బాగా తెలుసు. ఓపెన్ స్కూల్లో టెన్త్, ఇంటర్ కట్టినవాళ్లని, ఆస్ట్రేలియాలో ఉండే మన పిల్లల్ని ఇస్తామన్నారు.

డబ్బు పడ్డాక కొన్ని నంబర్లు పంపారు. మొదటి నంబర్‌కి చేస్తే ఒకావిడ ఎత్తి, "మా బాబు స్కూల్ నుంచి వచ్చేసరికే అయిదవుతుంది, పగలు ఎవరికి చెబుతారండీ? పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు, అసలు నా నంబర్ మీకెవరిచ్చారు?" అని మండిపడింది. ఆవిడ తప్పేముంది, ఒకే నంబర్‌ని ఎంతమందికి అమ్ముకున్నారో! ఇంకో నంబర్ ఎత్తినతను కూడా ట్యూటరే, నాలాగే డబ్బు కట్టి స్టూడెంట్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆయన నంబర్‌ని నాకు క్లయింట్ అని ఇచ్చారు!

వెంటనే బ్యూరోకి ఫోన్ చేశాను. డబ్బు కట్టేదాకా మాటకి ముందు మేడమ్, మాటకి వెనక మేడమ్ అన్న మనిషే, "నంబర్లు ఇవ్వడం వరకే మా పని. ఒప్పించుకోవడం మీకు చేతకాకపోతే మేమేం చేస్తాం? మీకు నిజంగా చెప్పడం వస్తే పిల్లలు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కదా" అన్నాడు. నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నారు. నన్ను పట్టుకుని చెప్పడం రాదంటాడా? డబ్బు పోయినదానికంటే ఆ మాటకే ఒళ్లు మండిపోతోంది. డబ్బు వెనక్కివ్వమనగానే బ్లాక్ చేశాడు.

పేమెంట్ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచి ఉంచాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెడుతున్నాను. మీరూ కట్టి ఉంటే చాట్‌లు డిలీట్ చేయకండి. ఎవరైనా ముందే ఫీజు అడిగితే, ముందు ఒక్క పేరెంట్‌తో మాట్లాడించమనండి, టైమ్ ఏంటో వాళ్ల నోటితోనే వినండి. ఆస్ట్రేలియా పిల్లలు కావాలంటే ఈ బ్యూరోలు అక్కర్లేదు, అక్కడున్న మన చుట్టాలని, పాత స్టూడెంట్స్‌ని అడగండి. సిడ్నీలో సాయంత్రం 4 అంటే మనకి పగలు 11:30, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా అయితే 10:30.