ఆరు ఎపిసోడ్లకు ఉచిత కత్తెర: డావిన్చీ రిజాల్వ్

2022లో వచ్చిన ఆరు ఎపిసోడ్ల స్టార్ వార్స్ సిరీస్ 'ఓబీ-వాన్ కెనోబీ'ని రెండున్నర గంటల సినిమాగా కుదించుకునే అభిమానులకు డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. 295 డాలర్ల స్టూడియో వెర్షన్ లేని లోటు తెలిసేది ముఖ్యంగా ఒక్కచోటే.

మొదట దెబ్బతినేది ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు పడే ఫ్రేముల లెక్క దగ్గర. సిరీస్ బ్లూ-రే డిస్క్‌లోని బొమ్మ 23.976, సాఫ్ట్‌వేర్‌లో తెరిచే కొత్త ప్రాజెక్టు 24. తొలి క్లిప్ వేయగానే మార్చమంటారా అని అడుగుతుంది, మార్చండి. పట్టించుకోకపోతే సుమారు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేము రెండుసార్లు పడుతుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే ఎడారి షాట్లలో ఆ కుదుపు కనిపిస్తుంది. పని మొదలయ్యాక ఆ అంకె మార్చుకోనివ్వదు. 4కే హెచ్‌డీఆర్ డిస్క్ జోలికి వెళ్లకండి, క్లిప్పులు వరసగా పేర్చే మామూలు టైమ్‌లైన్‌లో రంగులు వెలిసిపోయినట్టుంటాయి. 1080పీ బ్లూ-రే హాయి.

ఈ సాఫ్ట్‌వేర్ అసలు గొప్ప ఆడియోలో ఉంది. డిస్క్ ఆడియోను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా మార్చుకుని, క్లిప్ ఆట్రిబ్యూట్స్ అనే సెట్టింగులో 5.1 సరౌండ్ సౌండ్‌ను ఆరు విడి (మోనో) ఛానళ్లుగా విడదీయండి. ఇది టైమ్‌లైన్‌లో వేయకముందే జరగాలి. మాటలు ఎక్కువగా సెంటర్ ఛానల్లో ఉంటాయి కాబట్టి, కోత పడినచోట కుడి ఎడమల సంగీతం తీసేసి వేరేచోటి సంగీతం పరచవచ్చు. మాటల అతుకుకు రెండు ఫ్రేముల ఫేడ్ చాలు, సంగీతానికి కనీసం 12 కావాలి. సెంటర్‌లోకే సంగీతం చొరబడినచోట మాత్రం చేయగలిగింది తక్కువ. గొంతును వేరుచేసే వాయిస్ ఐసొలేషన్ స్టూడియోలోనే ఉంది.

బ్యాక్‌స్పేస్ నొక్కితే ఖాళీ మిగులుతుంది, డిలీట్ నొక్కితే వెనకున్నదంతా ముందుకు జరుగుతుంది. సంగీతం ట్రాకుకు తాళం వేసి డిలీట్ నొక్కారో, బొమ్మ ఒకచోట, పాట ఒకచోట.

కత్తెర పెట్టేముందు హీరో మనసు మారే చోట్లన్నిటికీ ఒకే రంగు మార్కర్లు పెట్టుకోండి. ఎడారిలో మాంసం కోసే కూలి బతుకు, సాయమడిగిన కుర్ర జెడైని (తనలాంటి యోధుణ్ని) పొమ్మనడం, కింద పడుతున్న చిన్నారి లేయాను 'ఫోర్స్' అనే అతీత శక్తితో అతి కష్టమ్మీద ఆపడం, ఒకప్పటి శిష్యుడు, ఇప్పటి శత్రువు వేడర్ అతన్ని మంటల్లోకి ఈడ్చడం. వీటిలో ఏది పోయినా చివర బండరాళ్లను గాలిలోకి లేపే ఓబీ-వాన్ ఉన్నట్టుండి బలవంతుడైనట్టుంటుంది. నిడివి తగ్గించే తొందరలో ముందుగా బలయ్యేవి గురువు క్వై-గాన్‌ను పిలిచి జవాబు రాక కూర్చునే షాట్లు. అవి తీసేస్తే ముగింపులో గురువు రాక పిలవని పేరంటమే.

ఆరో ఎపిసోడ్‌లో ఇంకో చిక్కు. వేడర్‌తో పోరు, చిన్నారి లూక్‌ను పెంచుతున్న ఓవెన్ పొలం మీద, జెడైలను వేటాడే రీవా దాడి ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. రీవాను తీసేసి పోరును ఏకధాటిగా కలిపితే, రాళ్లకింద పడ్డ ఓబీ-వాన్ పడ్డట్టే లేచేస్తాడు. లూక్, లేయా గుర్తొచ్చే షాట్లను పూర్తిగా ఉంచి, వాటికి ముందు చీకటిని మూడు నాలుగు సెకన్లు సాగదీయండి. అక్కడ సంగీతం వద్దు, ఊపిరి శబ్దం ఒక్కటే ఉంచండి.