‘ఏరోస్పేస్ గ్రేడ్’ అల్యూమినియం రేకు కొంటున్నారా? డబ్బు పంపేముందు ఒక ముక్క మడిచి చూడండి

ఇంటి దగ్గరే చిన్న విమానానికి రెక్కలు కట్టుకుందామని సామాను కూడబెట్టుకుంటున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ పిచ్చి ఉన్నవాళ్లం తక్కువమందిమే. అందుకే అందరం ఇంచుమించు అవే ప్రకటనలు చూస్తాం, అవే నంబర్లకి ఫోన్ చేస్తాం. నేను మోసపోయిన చోట ఇంకొకరు మోసపోకూడదు. పోయిన డబ్బు ఎలాగోలా సంపాదించుకోవచ్చు. కానీ ఆ రేకుతో రెక్క పూర్తయి, అది గాల్లోకి లేచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు రాత్రిళ్లు మెలకువ వచ్చేస్తుంది. నా పక్క సీట్లో మొదట కూర్చుంటానని మాట తీసుకున్నది మా అమ్మాయి.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ గారు ఇంటి డాబా మీద కట్టిన విమానానికి 2017లో రిజిస్ట్రేషన్ వచ్చిందన్న వార్త చదివినప్పటి నుంచి నాకు ఈ ఆశ. పెరట్లో నాన్నగారి నాటి ధాన్యం కొట్టు ఒకటి ఉంది. 1996 తుపానుకి కప్పు లేచిపోతే మళ్లీ వేయించినది. దాన్నే వర్క్‌షాప్‌గా మార్చాను. 2022 జులై వరదల్లో మా కొట్టు మెట్టు దాకా నీళ్లొచ్చాయి కాబట్టి, రేకులు పెట్టే స్టాండుని నేలకి 3 అడుగుల ఎత్తున కట్టించాను. 12 అడుగుల బల్ల చేయించి, ఇళ్లు కట్టే మేస్త్రిని పిలిచి, ట్యూబ్ లెవెల్‌తో నాలుగు మూలలూ సరిచూపించాను. దానికే రెండు రోజులు పట్టింది. బల్ల మెలి తిరిగి ఉంటే దాని మీద కట్టిన రెక్క కూడా మెలి తిరుగుతుంది, రివెట్లు కొట్టేశాక ఇక సరిచేయలేం. ఇంత జాగ్రత్త బల్ల మీద పెట్టినవాణ్ణి, రేకు మీద పెట్టలేదు.

నేను ఎంచుకున్నది క్రిస్ హైంట్జ్ డిజైన్ చేసిన సీహెచ్ 701 అనే చిన్న విమానం తరహా రెక్క. ప్లాన్ చూసి రేకు మనమే కత్తిరించుకుని, పుల్ రివెట్లతో (ఒకవైపు నుంచే లాగి బిగించే రివెట్లతో) బిగించుకోవచ్చు. దీనికి కావలసింది 6061-టీ6 రేకు. ఈ పేరులో రెండు సంగతులున్నాయి. 6061 అంటే మెగ్నీషియం, సిలికాన్ కలిసిన మిశ్రమ లోహం. టీ6 అంటే ఆ లోహాన్ని బాగా వేడి చేసి, గభాలున చల్లార్చి, మళ్లీ తక్కువ వేడి మీద కొన్ని గంటలు ఉంచి గట్టిపరచడం. లోహం సరైనదే అయినా ఆ గట్టిపరచడం జరగకపోతే అది రెక్కకి పనికిరాదు.

వేరే ఊరి వ్యాపారి ఒకతను ‘ఏరోస్పేస్ గ్రేడ్ 6061-టీ6, మిల్ సర్టిఫికెట్‌తో’ అని ప్రకటన పెట్టాడు. మిల్ సర్టిఫికెట్ అంటే రేకు తయారుచేసిన మిల్లు ఇచ్చే పరీక్ష కాగితం. అతని పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఫోన్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడాడు. సగం అడ్వాన్స్, మిగతాది లారీకి ఎక్కించేముందు అన్నాడు. సర్టిఫికెట్ ఫోటో పంపాడు, దాని మీద పెద్ద కంపెనీ ముద్ర ఉంది. నేను మొత్తం పంపేశాను. జులైలో ముసురు పట్టి ఉండగా రావులపాలెం లారీ ఆఫీసుకి సరుకు దిగింది. మా బావ ట్రాలీ ఆటో కట్టించుకుని తెచ్చాడు.

కట్ట విప్పగానే రెండు విషయాలు కనిపించాయి. అప్పుడే ఆగి ఉండాల్సింది. ఒకటి, రేకుల మధ్య కాగితం తడిసి, అక్కడక్కడా తెల్ల మచ్చలు లేచాయి. రెండోది ఇంకా పెద్దది. రేకు మీద ఎక్కడా అచ్చు లేదు. మిల్లు నుంచి వచ్చే అసలు 6061-టీ6 రేకు మీద మామూలుగా పొడవునా వరసలుగా సిరాతో అచ్చు వేసి ఉంటుంది: లోహం నంబరు, టెంపర్ (టీ6 లాంటి గట్టిపరచిన తీరు), మందం, స్టాండర్డ్ నంబరు, లాట్ నంబరు (ఏ విడతలో తయారైందో చెప్పేది). నా రేకుల మీద ఒక్క అక్షరం కూడా లేదు. ఫోన్ చేస్తే, ‘ప్లాస్టిక్ ఫిల్మ్ తీసేటప్పుడు అచ్చు పోతుంది సార్’ అన్నాడు. నమ్మాను.

అసలు సంగతి బయటపడింది మొదటి రిబ్ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డపక్కటెముక) చేసేటప్పుడు. చెక్క మూస మీద రేకు బిగించి, అంచుని కొయ్య సుత్తితో మడుస్తున్నాను. టీ6 రేకైతే మడిచిన అంచు చెయ్యి తీయగానే కొంచెం వెనక్కి తన్నాలి. అందుకే మూస అంచుని కొన్ని డిగ్రీలు లోపలికి చెక్కుకుంటాం. ఇది మాత్రం చెప్పిన చోట చెప్పినట్టు పడుకుంది. నా చెయ్యి తిరిగిందేమో అనుకుని సంతోషపడ్డాను కూడా. ఆ సాయంత్రం మా వీధిలో చిన్నాన్న ఒకాయన చూడ్డానికి వచ్చారు. ఆయన యాభై ఏళ్లు గిన్నెలకి మాట్లు వేసిన మనిషి. తుంపు ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో వంచి, చెవి దగ్గర టకటకలాడించి, ‘ఇది మూకుళ్ల రేకు రా అబ్బాయ్, దీనితో విమానమేంటి?’ అన్నారు.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ ముక్కనే బల్ల అంచున పెట్టి, కాగితం మడిచినట్టు పూర్తిగా రెండుగా మడిచి సుత్తితో కొట్టాను. మడత దగ్గర ఒక్క బీట కూడా లేదు. పలచటి 6061-టీ6 ని అలా అంచు మీద అంచు వచ్చేలా మడిస్తే బయటివైపు పగలాలి. మర్నాడు తెలిసినవాళ్ల ద్వారా కాకినాడలో ఒక కాలేజీ ల్యాబ్‌కి ముక్కలు పట్టుకెళ్లాను. 6061లో మెగ్నీషియం 0.8 నుంచి 1.2 శాతం ఉండాలి. నా రేకులో అది దాదాపు లేదు. ఇంచుమించు స్వచ్ఛమైన అల్యూమినియం, అంటే 1100 రకం. లాగి చూసిన పరీక్షలోనూ అదే తేలింది. 6061-టీ6 రేకు శాశ్వతంగా సాగిపోకుండా కనీసం 240 మెగాపాస్కల్స్ (లాగుడు బలాన్ని కొలిచే ప్రమాణం) తట్టుకోవాలి. నాది అందులో సగం కూడా రాలేదు.

దీని అర్థం ఒక్కసారి ఆలోచించండి. ఎండవేళ గోదావరి ఇసుక మేటల మీద నుంచి వేడిగాలి ఎగదన్ని విమానాన్ని కుదిపినప్పుడు, రెక్క పైరేకు కాసేపు ముడుచుకుని మళ్లీ సాఫుగా అవ్వాలి. ఈ రేకు ముడుచుకుని అలాగే ఉండిపోయేది. ఇక స్పార్‌కి, అంటే రెక్క బరువంతా మోసే పొడవాటి దూలానికి, ఇలాంటి రేకు వాడితే ఏమవుతుందో రాయాలంటే చెయ్యి రావడం లేదు.

సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పాలి. మూడు రకాల మందాల రేకులు కొంటే, మూడింటికీ ఒకే హీట్ నంబరు (లోహం కరిగించిన విడత నంబరు), ఒకే లాట్ నంబరుతో ఒకే కాగితం వచ్చింది. మందం గడి దగ్గర ఫోటోకాపీ మసకగా ఉంది. ఆ కాగితం మీదున్న మిల్లు వాళ్లకి నంబరు రాసి అడిగితే, అది మందపాటి ప్లేట్ లాట్ అనీ, పలచటి రేకు కాదనీ జవాబిచ్చారు. కాగితం నిజమైనదే, రేకుకీ దానికీ మాత్రం సంబంధం లేదు. అందుకే సర్టిఫికెట్ ఉందా అని అడిగి ఊరుకోకండి. దాని మీది లాట్ నంబరు రేకు మీద అచ్చులో కనిపిస్తోందా అని అడగండి. అచ్చు, నంబరు, మందం మూడూ ఒకే ఫోటోలో కనపడేలా పంపమనండి.

బరువు చూసి కనిపెట్టేద్దాం అనుకోకండి, నేనూ ముందు అదే చేశాను. 1100, 6061 రెండిటి సాంద్రతా ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాముల దగ్గరే. తక్కెడకి తేడా తెలియదు. అయస్కాంతానికీ తెలియదు. తెలిసేది మడతకి, గట్టిదనం చూసే పరికరానికి, ల్యాబ్‌కి.

2024-టీ3 అని విమానాలకి వాడే ఇంకో రకం రేకు కొనేవాళ్లకి ఇంకో పరీక్ష ఉంది. ఆ లోహంలో రాగి ఉంటుంది. కాస్టిక్ సోడా నీళ్లలో ముక్కని కాసేపు ఉంచితే, రాగి ఉన్న భాగం నల్లబడుతుంది. ఆల్‌క్లాడ్ రకమైతే పైన రెండువైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఉంటుంది కాబట్టి, కోసిన అంచు వైపు చూడాలి. రెండు తెల్లటి గీతల మధ్య నల్ల గీత కనిపిస్తుంది. చేతులకి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని ఆరుబయట చేయండి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పరీక్ష చేసిన ముక్క పారేయండి, రెక్కలో వాడకండి.

‘గేజ్’ అన్న మాటతో కూడా జాగ్రత్త. ప్లాన్‌లో 25 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 25) అని ఉంటుంది, అంటే 0.635 మిల్లీమీటర్లు. అమెరికా గేజ్‌లో అది ఇంచుమించు 22. కానీ మన బజారులో గేజ్ అంటే బ్రిటిష్ లెక్క, అందులో 22 అంటే 0.711 మిల్లీమీటర్లు, 24 అంటే 0.559. ఫోన్‌లో గేజ్ చెప్తే ఒకవైపు బరువు పెరుగుతుంది, రెండోవైపు బలం తగ్గుతుంది. మిల్లీమీటర్లలోనే రాసి పంపండి. వచ్చాక మందం కొలిచే మైక్రోమీటర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి.

రివెట్ల గురించి ఎక్కువ చెప్పను. ఫాల్స్ సీలింగ్‌కి వాడే పాప్ రివెట్లు చూడ్డానికి అలాగే ఉంటాయి, వాటిని రెక్క దగ్గరికి రానివ్వకండి. రివెట్లు బిగించే గన్‌కి గాలి ఇచ్చే కంప్రెసర్ 3 హార్స్ పవర్ అని చెప్పి అంటగడితే, మోటారు ప్లేట్ చదివాకే డబ్బివ్వండి. మా ఊళ్లో సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు చిన్న మోటార్లే తిరగవు.

మన తీరంలో ఉన్నవాళ్లకి ఒక మాట. అసలు సరుకే వచ్చినా, సముద్రపు గాలి దాన్ని వదలదు. తడి కాగితం మధ్య రేకులు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటే నెల తిరక్కుండా మచ్చలు పడతాయి. వచ్చిన రోజే కట్ట విప్పి, తుడిచి, పొడి కాగితం పెట్టి, అంచు మీద నిలబెట్టండి. వీలైతే వానాకాలం దాటాక తెప్పించుకోండి. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే మేస్త్రి ఒకాయన కూడా నాకు ఇదే చెప్పారు. వాళ్లు కలపైనా సరే వచ్చిన వెంటనే గాలాడేలా పేర్చాకే మిగతా పని చూస్తారట.

ఇక డబ్బు సంగతి. వ్యాపారి మొదట ‘కత్తిరించిన సరుకు వెనక్కి తీసుకోం’ అన్నాడు. ల్యాబ్ రిపోర్టు పంపితే, ఆ ల్యాబ్‌ని ఒప్పుకోనన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, వ్యాపారి ఊరికి తిరగక్కర్లేదు. సరుకే రాకుండా డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. జీఎస్టీ కలిసొస్తుందని బిల్లు మా బావ షాపు పేరున రాయించాను. వ్యాపార అవసరానికి కొన్న సరుకు ఈ చట్టం కిందికి రాదు. ఇప్పుడు అవతలివాడు పట్టుకున్నది అదే. మీ సొంతానికి కొంటున్నారు కాబట్టి బిల్లు మీ సొంత పేరునే రాయించుకోండి. దాని మీద ‘అల్యూమినియం షీట్’ అని మాత్రమే కాకుండా, ‘6061-టీ6’ అనీ మందం ఎంతో కూడా ఉండాలి. నా బిల్లు మీద షీట్ అని మాత్రమే ఉంది.

కట్ట విప్పేటప్పుడు వీడియో తీయండి. రేకుని కోయకముందే ఒక మూల నుంచి అరచెయ్యంత ముక్క పరీక్షకి తీయండి. ఆ పరీక్ష అయ్యేదాకా పెద్ద రేకు మీద గీత కూడా గీయకండి. తర్వాత ఏ రేకు ఏ రిబ్‌కి, ఏ స్పార్‌కి వాడారో పుస్తకంలో లాట్ నంబరుతో సహా రాసుకోండి. రేపు డీజీసీఏ (విమానాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ) ముందు కాగితాలు పెట్టాల్సి వచ్చినా, రెక్కలో ఎక్కడో అనుమానం వచ్చినా ఆ పుస్తకమే ఆధారం.

పాత రేకులు కొట్టులో ఒక మూల నిలబెట్టి, ప్రతిదాని మీదా ఎర్ర పెయింట్‌తో అడ్డంగా గీతలు కొట్టాను. ఫిర్యాదు తేలేదాకా సాక్ష్యంగా ఉంచాలి, ఎవరూ పొరపాటున కత్తిరించకూడదు. పోయిన నెల ఇంకొక చోట మాట్లాడాను. ముందు ఒక అడుగు ముక్క పంపండి, దాని ఖరీదూ కొరియర్ ఖర్చూ ఇస్తానన్నాను. ఆయన విసుక్కోకుండా పంపారు. ముక్క మీద అచ్చు ఉంది, సర్టిఫికెట్‌లోని లాట్ నంబరూ అదే. మా అమ్మాయి చూస్తుండగా బల్ల అంచున పెట్టి మడిచాను. సగం మడత కాకముందే టప్పుమని పగిలింది. ఆ సాయంత్రమే ఆర్డర్ ఇచ్చాను.